తరగతి గదిలోని మౌనసాక్షులు

బడి నుంచి వచ్చిన పిల్లలను మనం అడిగే ప్రశ్నలు దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. హోంవర్క్ ఏమిచ్చారు? పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి? అన్నం డబ్బా ఖాళీ చేశావా? ఇవన్నీ అడగవలసినవే. కాని మధ్యాహ్నం నీ పక్కన ఎవరు కూర్చుని తిన్నారు, ఆటలో నిన్ను ఏ జట్టులో చేర్చుకున్నారు, అక్కడ నిన్ను ఏ పేరుతో పిలుస్తున్నారు అని అడిగే ఇళ్ళు తక్కువ. మొదటి ప్రశ్నలకు హుషారుగా బదులు చెప్పే పిల్లవాడు కూడా ఈ రెండో వరుస ప్రశ్నల దగ్గర తలదించుకోవచ్చు. ఉదయం కడుపునొప్పి అనడం, బస్సు ఎక్కడానికి మొరాయించడం, కొత్త పెన్నులు వారానికొకటి పోవడం, ఆదివారం సాయంత్రం నుంచే ముభావంగా మారడం ఇవన్నీ ఆ చెప్పని జవాబులే కావచ్చు.

పిల్లలన్న తర్వాత కొట్టుకుంటారు, మళ్ళీ కలిసిపోతారు అని పెద్దలు అంటారు. సమ ఉజ్జీలైన ఇద్దరు బంతి కోసం పోట్లాడుకుంటే ఆ మాట నిజమే. వేధింపు వేరు. నార్వేలోని బెర్గెన్ నగరంలో పనిచేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డాన్ ఓల్వేయుస్ దీనికి మూడు గుర్తులు చెప్పారు. మొదటిది, బాధపెట్టాలనే ఉద్దేశం. రెండోది, అది మళ్ళీ మళ్ళీ జరగడం. మూడోది, బలాబలాల్లో తేడా ఉండటం. ఈ బలం కండబలమే కానవసరం లేదు. నలుగురు ఒకవైపు చేరడం ఒక బలం. రంగు, డబ్బు, భాష, కులం, మతం, ఆరోగ్యం విషయంలో ఎక్కువమందిలో ఒకరై ఉండటమూ ఒక బలమే.

మన బడుల్లో అది ఏ రూపం ధరిస్తుందో మనకు తెలియనిది కాదు. నత్తి ఉన్న పిల్లవాడు పాఠం చదువుతుంటే వెనుక బెంచీ వారు అదే నత్తితో వల్లిస్తారు. నల్లగా ఉన్న అమ్మాయికి ఒక పేరు, లావుగా ఉన్న అబ్బాయికి మరొక పేరు స్థిరపడతాయి. తెలుగులో ఉర్దూ యాస పలికితే నవ్వు, తలపై స్కార్ఫ్ ఉంటే లాగడం, వార్తల్లో ఏదైనా ఘటన రాగానే మరుసటి రోజు మన పిల్లవాణ్ణి పొరుగు దేశం పేరుతో పిలవడం జరుగుతుంటాయి. అయితే మన పిల్లలే ఎక్కువమంది ఉన్న బడుల్లో పరిస్థితి ఏమిటో కూడా నిజాయితీగా చూడాలి. అక్కడ ఉర్దూ రాని పిల్లవాణ్ణి, తండ్రి చేసే పనిని బట్టి చిన్నచూపు చూసే పిల్లవాణ్ణి, వినికిడి యంత్రం పెట్టుకున్న అమ్మాయిని ఏడిపించేది మన పిల్లలే కావచ్చు. వేధింపు ఒక వర్గానికి సంబంధించిన వ్యాధి కాదు. ఎక్కడ ఎవరి సంఖ్య ఎక్కువైతే అక్కడ వారి చేతిలో అది ఆయుధమవుతుంది.

ఇది ఏదో ఒక దేశపు సమస్య కూడా కాదు. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో దాదాపు ఒకరు గడిచిన నెల రోజుల్లో తోటివారి వేధింపుకు గురయ్యారని యునెస్కో 2019లో ప్రకటించింది. అందువల్ల ఈ ప్రశ్నకు ఇతర దేశాలు వెదికిన జవాబులు మనకూ పనికివస్తాయి.

1982 చివరిలో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల తీవ్రమైన వేధింపే దానికి కారణమై ఉంటుందని తెలిసినప్పుడు ఆ దేశం కదిలిపోయింది. 1983లో విద్యాశాఖ దేశవ్యాప్త ఉద్యమం ప్రారంభించింది. బెర్గెన్‌లోని 42 పాఠశాలల్లో సుమారు 2,500 మంది విద్యార్థులతో ఓల్వేయుస్ రెండేళ్ళకు పైగా పనిచేశారు. ఆయన దృష్టి బడిలోని పెద్దలపై నిలిచింది. విరామ సమయంలో ఎవరు ఎక్కడ నిలబడాలి, తరగతి గదిలో ఏ నియమాలు ఉండాలి, ఫిర్యాదు వస్తే మొదట ఎవరు మాట్లాడాలి, తల్లిదండ్రులను ఎప్పుడు పిలవాలి అన్నవి ముందుగా నిర్ణయించి ఉపాధ్యాయులకు నేర్పారు. వేధింపు ఘటనలు దాదాపు సగానికి తగ్గాయి.

పెద్దలకు ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరం ఏమిటని అనిపించవచ్చు. ఉపాధ్యాయుడన్నవాడు కళ్ళెదుట అన్యాయం జరిగితే ఆపడా? కెనడాలోని టొరంటోలో పరిశోధకులు ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాలను వీడియోలో చిత్రించి, పిల్లలకు చిన్న మైకులు అమర్చి పరిశీలించారు. 1997లో వెలువడిన ఆ పరిశీలనలో ఆటస్థలంలోని వేధింపు ఘటనల్లో ఉపాధ్యాయులు జోక్యం చేసుకున్నవి సుమారు 4 శాతం మాత్రమే. దానికి కారణం వారి కఠిన హృదయం కాదు. ఒక్కో ఘటన సగటున నిమిషం కూడా ఉండదు. అది పెద్దల చూపు పడని మూలలో జరుగుతుంది. చూసినా ఆటలాగే కనిపిస్తుంది. మంచి మనసు ఉన్నంత మాత్రాన ఇది కంటబడదు. నాడి పట్టడం నేర్చుకోని మంచివాడు రోగిపై ఎంత జాలిపడినా జ్వరాన్ని గుర్తించలేనట్టే, శిక్షణ లేని ఉపాధ్యాయుడు వేధింపును గుర్తించలేడు.

అదే పరిశోధకులు ఆ తర్వాత మరో విషయం గమనించారు. పదింట తొమ్మిది సందర్భాల్లో చుట్టూ తోటి పిల్లలు ఉన్నారు. వారిలో ఎవరైనా ముందుకొచ్చి అడ్డుపడింది ఐదింట ఒక సందర్భంలోనే. కాని అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఏడిపించేవాడి బలం అతనిది కాదని, చుట్టూ నిలబడి చూసేవారు అప్పుగా ఇచ్చినదని దీనితో తేలింది.

ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా సాల్మివల్లి ఈ చూసేవారినే లెక్కలోకి తీసుకున్నారు. 1996లో వెలువడిన ఆమె అధ్యయనం ఆరో తరగతి పిల్లల్లో ఎవరు ఏ పాత్ర పోషిస్తున్నారో విడదీసి చూపింది. స్వయంగా ఏడిపించేవారు సుమారు 8 శాతం. వారికి చేయందించేవారు 7 శాతం. నవ్వి ఉత్సాహపరిచేవారు దాదాపు 20 శాతం. పక్కకు తప్పుకునేవారు 24 శాతం. బాధితుడి పక్షాన నిలిచేవారు 17 శాతం. అంటే ప్రతి తరగతిలోనూ రక్షకులు ఇప్పటికే ఉన్నారు. వారికన్నా ఎక్కువమంది చేసేది తప్పని తెలిసి కూడా నవ్వుతున్నారు లేదా తలతిప్పుకుంటున్నారు. ఆ ఎనిమిది మందిని మార్చడం కష్టం. ఈ నలభై నాలుగు మందిని కదిలించడం అంతకన్నా తేలిక. నవ్వు ఆగిపోతే ఏడిపించేవాడికి వేదికే ఉండదు.

ఈ అవగాహనపైనే ఫిన్లాండ్‌లో ‘కివా’ అనే కార్యక్రమం రూపొందింది. ఫిన్నిష్ భాషలో ఆ మాటకు ‘చక్కనిది’ అని అర్థం. 234 పాఠశాలల్లో పరీక్షించి, ఫలితాలు బాగున్నాయని తేలాక 2009 నుంచి దేశమంతటికీ విస్తరించారు. ఇందులో ఉపాధ్యాయులు ముందుగా శిక్షణ పొందుతారు. నిర్ణీత తరగతుల పిల్లలకు ఏడాదిలో సుమారు 20 గంటల పాటు చర్చలు, నాటికలు, ఆటల ద్వారా పాఠాలు నడుపుతారు. ప్రతి బడిలో కనీసం ముగ్గురు పెద్దలతో ఒక బృందం ఉంటుంది. ఘటన జరిగినప్పుడు వారు బాధితుడితో ఏకాంతంగా మాట్లాడతారు. ఏడిపించినవారితో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతారు. కొన్ని రోజుల తర్వాత మళ్ళీ పిలిచి మాట నిలబెట్టుకున్నారో లేదో చూస్తారు. తరగతి ఉపాధ్యాయుడు మాత్రం నలుగురిలో మంచి పేరున్న ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, ఆ బాధితుడికి తోడుగా ఉండే బాధ్యత అప్పగిస్తాడు. వేధింపు పూర్తిగా మాయం కాలేదు గాని, ఈ పద్ధతి పాటించిన బడుల్లో అది చెప్పుకోదగినంత తగ్గింది.

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే ఉపాధ్యాయుడికి నేర్పవలసినవి ప్రధానంగా నాలుగు.

మొదటిది చూపు. రోజూ ఒంటరిగా భోంచేసేది ఎవరు, జట్లు కట్టమన్నప్పుడు చివరకు మిగిలేది ఎవరు, ఏ పేరు పిలవగానే తరగతిలో గుసగుస లేస్తుంది, మరుగుదొడ్ల వైపు, మెట్ల మలుపులో, బస్సు వెనుక సీట్లలో ఏం జరుగుతోంది అని గమనించడం అలవాటుగా మారాలి. హాజరు పట్టీలో పేరు ఉండటం వేరు, తరగతిలో చోటు ఉండటం వేరు.

రెండోది తక్షణ స్పందన. హేళన చెవిన పడగానే గొంతు పెంచకుండా, స్పష్టంగా, అందరికీ వినిపించేలా ఆ మాట ఇక్కడ చెల్లదని చెప్పి పాఠం కొనసాగించాలి. బాధితుణ్ణి అందరి ముందు లేపి ఏం జరిగిందని అడగరాదు. అలా అడిగితే అవమానం రెండింతలవుతుంది. అతనితో మాట్లాడటం ఆ తర్వాత, ఏకాంతంలో జరగాలి.

మూడోది సంభాషణ. ఏడిపించినవాడితో, చూసి నవ్వినవారితో విడివిడిగా కూర్చుని, ఇప్పటి నుంచి నువ్వు ఏం చేస్తావు అని అడిగి, వారి నోటితోనే జవాబు రాబట్టి, వారం తర్వాత దాన్ని సరిచూడటం ఒక నైపుణ్యం. సహోద్యోగుల మధ్య అభినయించి, తప్పులు దిద్దుకుని అభ్యసిస్తే తప్ప అది పట్టుబడదు. ఒక మధ్యాహ్నం సభ పెట్టి, ఉపన్యాసం వినిపించి, ధ్రువపత్రం ఇచ్చి పంపితే అది శిక్షణ కాదు.

నాలుగోది తన నాలుక. మొద్దు, గుడ్డి, కుంటి, మీవాళ్ళంతా ఇంతే అన్న మాటలు ఉపాధ్యాయుడి నోటి నుంచి వెలువడితే, వాటిని వాడుకునే అనుమతి తరగతి మొత్తానికి లభించినట్టే. పిల్లలు పాఠంకన్నా ముందు స్వరాన్ని నేర్చుకుంటారు.

మనకు అలవాటైన కొన్ని పరిష్కారాలు మేలు చేయకపోగా హాని చేస్తాయి. ఇద్దరినీ పిలిపించి చేతులు కలిపించడం వాటిలో ఒకటి. గొడవపడిన స్నేహితుల విషయంలో అది మంచిదే. బలవంతుడికీ భయపడుతున్నవాడికీ మధ్య మాత్రం అది రాజీ కాదు. చేయి కలిపిన క్షణమే చెప్పావు కదా అన్న బెదిరింపు ఆ చూపులో ఉంటుంది. బాధితుడి సెక్షన్ మార్చడం అతనికే శిక్ష. తప్పుచేసినవాణ్ణి బెత్తంతో కొట్టడం, బలవంతుడు బలహీనుణ్ణి కొట్టవచ్చన్న పాఠాన్నే మరోసారి నేర్పడం. ఎవరినీ పట్టించుకోకు, అదే పోతుంది అని బాధితుడికి చెప్పడం అన్నింటికన్నా సులభమైన సలహా. అది పిల్లవాడికి తాను ఒంటరివాడినని రూఢి చేస్తుంది.

అంగవైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఈ శిక్షణ మరింత అవసరం. వారిని చేర్చుకోవడంతో బడి బాధ్యత తీరిపోదు. చూపు తక్కువైన పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి, బల్లపై రాసినదాన్ని పైకి చదివితే అతను పక్కవాణ్ణి ప్రతిసారీ అడగనక్కరలేదు. వినికిడి లోపం ఉన్న పిల్లవాడికి ఎదురుగా నిలబడి మాట్లాడితే చాలు, సగం పాఠం అందుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయికి ఆటల పీరియడ్‌లో స్కోరు రాసే పని మాత్రమే కాక, ఆమె ఆడగల ఆట ఒకటి ఉండాలి. ఉపాధ్యాయుడు ఈ సర్దుబాట్లను దయగా కాక మామూలు విషయంగా చేసినప్పుడు పిల్లలు కూడా వాటిని మామూలుగానే తీసుకుంటారు. అతను విసుగుదలతో చేస్తే అదే విసుగు ఆటస్థలంలో హేళనగా మారుతుంది.

మన దేశంలో చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 29వ సెక్షన్ పిల్లలు భయం, ఆందోళన లేకుండా తమ భావాలు చెప్పుకునేలా బోధన ఉండాలని నిర్దేశించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, అందరినీ కలుపుకునే విద్యకు తగినట్టు ఉపాధ్యాయులకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత అని 17వ సెక్షన్‌లో చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని కోరింది. 2019లో ప్రారంభమైన ‘నిష్ఠ’ కార్యక్రమం లక్షలాది ప్రభుత్వ ఉపాధ్యాయులను ఉద్దేశించినది. అంటే సమయమూ, చట్టబద్ధమైన ఆధారమూ రెండూ ఉన్నాయి. ఆ 50 గంటల్లో ఏ కొన్ని గంటలైనా వేధింపును గుర్తించి ఆపే అభ్యాసానికి కేటాయిస్తున్నారా అన్నదే అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న అడగవలసినవారిలో తల్లిదండ్రులు మొదటివారు.

ముస్లిం కుటుంబాలకు ఈ బాధ్యత కొత్తది కాదు. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, ఎత్తిపొడవడాన్ని, చెడ్డ మారుపేర్లతో పిలవడాన్ని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 11వ ఆయత్ నిషేధించింది. అణచివేతకు గురైన సోదరుడికే కాక అణచివేసే సోదరుడికి కూడా సహాయం చేయాలని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించినప్పుడు, అణచివేసేవాడికి సహాయం ఎలాగని సహచరులు అడిగారు. అతని చేయి ఆపడమే అతనికి చేసే సహాయమని ఆయన వివరించారు. చూస్తూ నిలబడినవారి బాధ్యత ఏమిటన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన సమాధానం మరొకటి అవసరం లేదు. మన పిల్లలకు ఈ బోధన ఇంట్లో చెబుతున్నామా, లేక అవమానం జరిగితే ఊరుకోమని, ఎవరికైనా జరుగుతుంటే మనకెందుకు పక్కకు రమ్మని చెబుతున్నామా అన్నది ఆలోచించాలి.

తల్లిదండ్రులు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పిల్లవాడు చెప్పినప్పుడు మొదట పూర్తిగా వినండి. నువ్వేం చేశావు అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. తేదీ, చోటు, అన్న మాటలు, అక్కడ ఉన్నవారు ఎవరు అన్నవి ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఏడిపించిన పిల్లవాడి ఇంటికి వెళ్ళి నిలదీయకండి. అది వీధి గొడవగా, కొన్నిచోట్ల మత వివాదంగా మారిపోతుంది. చివరకు పిల్లవాడి బాధ మరుగున పడుతుంది. ముందు తరగతి ఉపాధ్యాయుణ్ణి, తర్వాత ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి. విషయం లిఖితపూర్వకంగా ఇవ్వండి. తీసుకునే చర్య ఏమిటో, మళ్ళీ ఎప్పుడు కలవాలో అడిగి రండి. పరిస్థితి ప్రమాదకరంగా ఉందనిపిస్తే బాలల సహాయవాణి 1098కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మన తల్లులు ఆ కమిటీల్లో కూర్చోవడానికి ఇది చాలినంత అవకాశం. ప్రైవేటు బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు ఉండనే ఉన్నాయి. అక్కడ ఫీజుల గురించి, బస్సు గురించి అడిగే గొంతుతోనే మూడు ప్రశ్నలు అడగండి. ఈ బడిలో వేధింపు ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? దాన్ని పరిష్కరించడానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఎంతమంది ఉన్నారు? విరామ సమయంలో ఏ మూల ఎవరు చూస్తున్నారు? ఈ మూడింటికి జవాబు ఉన్న బడిలో మీ పిల్లవాడు ఒంటరి కాడు. జవాబు లేకపోతే, దాన్ని తయారు చేయమని అడిగే హక్కు మీకుంది. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అనిపిస్తుంది. పదిమంది కలిసి, ఏ మతం వారైనా సరే, పొరుగు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని అడిగితే అది బడి నియమంగా మారుతుంది.

ఏడిపించేవాడు మన పిల్లవాడేనని కబురు వచ్చిన రోజున మనకు నిజమైన పరీక్ష ఎదురవుతుంది. మావాడు అలాంటివాడు కాదు అని వెంటనే అనేయాలనిపిస్తుంది. ఆ మాట వాడికి రక్షణ కాదు. ఉపాధ్యాయుడు చెప్పేది విని, పిల్లవాడితో విడిగా మాట్లాడి, చెడిన దాన్ని సరిచేసే పని వాడి చేతనే చేయించాలి. వాడు నవ్వినవారిలో ఒకడు మాత్రమే అయినా ఇదే వర్తిస్తుంది.

ఉపాధ్యాయుడు చూడటం నేర్చుకుంటే తరగతి ఆగడం నేర్చుకుంటుంది. తరగతి ఆగితే, వెనుక బెంచీలో నత్తితో పాఠం చదివే పిల్లవాడు చివరి వాక్యం వరకు చదవగలుగుతాడు. మన పిల్లలను బడికి పంపేది అందుకే. రేపు సాయంత్రం మార్కుల సంగతి అడిగిన తర్వాత, ఈ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు అని కూడా అడగండి. ఆపైన, ఎవరి పక్కన ఎవరూ కూర్చోలేదు అని అడగండి. రేపు భోజనం వేళ ఆ పిల్లవాడి పక్కన కూర్చోగలవా అని మీ బిడ్డనే అడగండి.